గుడ్ల మీద పేర్లు

గత నెలలో ఒక ఆదివారం డెంటన్ వెళ్లాను. మా పిన్ని మనవడు అక్కడ ఎం.ఎస్. చేస్తున్నాడు, నాకు మేనల్లుడి వరస. ఫ్రిస్కోలో ఉన్న మా ఇంటికి గంట దారి కూడా కాదు. అయినా వాడొచ్చిన ఏడాదిన్నరలో నేను ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. తీసుకెళ్లిన పులిహోర, గోంగూర పచ్చడి సర్దుదామని ఫ్రిజ్ తెరిచాను. పై అరలో పద్దెనిమిది గుడ్ల అట్ట ఉంది. మిగిలిన గుడ్లు ఏడో ఎనిమిదో. ప్రతి గుడ్డు మీదా నల్ల మార్కర్‌తో ఒక ఇంగ్లిష్ అక్షరం.

"ఇదేంట్రా, గుడ్లకి పేర్లు పెట్టారు?" అన్నాను.

"ఎవరివి వాళ్లకి తెలియాలి కదత్తా" అని నవ్వాడు.

నలుగురు కుర్రాళ్లు, రెండు పడకగదులు. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు అన్నీ కలిపే కొంటారు. స్ప్లిట్‌వైజ్‌లో నాలుగు వాటాలు వేసుకుంటారు. జనవరి దాకా గుడ్లూ ఆ లెక్కలోనే ఉండేవట. వాళ్లలో ఒకడు జిమ్‌కి వెళ్తాడు, పొద్దున్నే నాలుగు లాగిస్తాడు. ఇంకొకడు శనివారం ముట్టడు. గుడ్డు చవగ్గా ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ పట్టలేదు. ధర కొండెక్కాక ఒక రాత్రి మాటా మాటా పెరిగింది. మర్నాటి నుంచి ఎవరి గుడ్లు వాళ్లవే. ఆ రోజు మా వాడి అక్షరం ఉన్నవి రెండే కనిపించాయి. మళ్లీ కొనేది గురువారం, క్యాంపస్ ఉద్యోగం డబ్బులు పడ్డాకేనట.

ఇంటికొచ్చి గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రిజ్ తెరిచి చూసుకున్నాను. ఆరు డజన్లు. మేమున్నది ముగ్గురం. కాస్ట్‌కోలో మూడు ప్యాకుల పరిమితి పెట్టినప్పుడు పొద్దున నేనూ, సాయంత్రం మా వారూ వెళ్లి తెచ్చిన సరుకు అది. ఆ పూట అదేదో ఘనకార్యంలా ఫీలయ్యాం కూడా. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో "స్టాక్ వచ్చింది, త్వరగా వెళ్లండి" అని పెట్టింది కూడా నేనే.

2025 మొదటి మూడు నెలల్లో గుడ్ల ధర గురించి మనం మాట్లాడుకున్నంత ఇంకే సరుకు గురించీ మాట్లాడుకోలేదు. మాట్లాడింది ఎక్కువగా పెద్దగా దెబ్బ తగలని వాళ్లమే. దెబ్బ తగిలినవాళ్లు మార్కర్ కొనుక్కుని ఊరుకున్నారు. ఈ మాట నన్ను నేను అనుకుంటూ రాస్తున్నదే.

లెక్క చూడండి. కార్మిక గణాంకాల బ్యూరో అంకెల ప్రకారం డజను పెద్ద గుడ్ల సగటు ధర 2023 ఆగస్టులో 2.04 డాలర్లు. 2025 జనవరిలో 4.95, ఫిబ్రవరిలో 5.90, మార్చిలో 6.23. మార్చి ధర ఇప్పటిదాకా నమోదైన వాటన్నిటిలోకీ ఎక్కువ. వారానికి రెండు డజన్లు వాడే ఇంటికి, ఆ చవక రోజులతో పోలిస్తే, నెలకు అదనంగా పడేది 36 డాలర్ల చిల్లర. రెండు జీతాలొచ్చే ఇంట్లో అది ఇద్దరు ఒక పూట బిర్యానీ తినే డబ్బు. క్యాంపస్‌లో గంటకు పదో పన్నెండో డాలర్లు తెచ్చుకునే కుర్రాడికి మూడు గంటల కష్టం. పైగా కోర్సు నడిచే రోజుల్లో వాడికి వారానికి 20 గంటలకు మించి పని చేసే వీలు చట్టప్రకారం లేదు.

మనమేమో దాన్ని రూపాయల్లోకి మార్చి "గుడ్డు నలభై అయిదు రూపాయలట" అని ఇండియా గ్రూపుల్లో పెట్టి నోళ్లు వెళ్లబెట్టించాం. పెన్సిల్వేనియాలో ట్రైలర్‌లోంచి లక్ష గుడ్లు దొంగిలించారన్న వార్త మీద ఎన్ని జోకులు చూశామో. వాఫిల్ హౌస్ వాళ్లు గుడ్డుకి అర డాలరు అదనం అన్నప్పుడూ అంతే. మన రెస్టారెంట్లు అలాంటి ప్రకటనలేం చెయ్యలేదు. మేం వెళ్లేచోట బిర్యానీ మీద ఉండే గుడ్డు ముందు సగమైంది, తర్వాత కనిపించడం మానేసింది.

అసలు ఎందుకు పెరిగింది? బర్డ్ ఫ్లూ అని అందరికీ తెలుసు. 2022 ఫిబ్రవరిలో ఇండియానాలో ఒక టర్కీ కోళ్ల ఫారంలో బయటపడ్డ హెచ్5ఎన్1, అప్పటి నుంచి ఈ దేశంలో 16 కోట్లకు పైగా పక్షుల్ని పొట్టన పెట్టుకుంది. అన్నీ జబ్బుతో చచ్చినవి కావు. ఒక ఫారంలో జబ్బు తేలితే అక్కడున్న కోళ్లన్నిటినీ చంపెయ్యాల్సిందే. ఇక్కడ ఒక్కో ఫారంలో పది లక్షలకు పైగా కోళ్లుండటం మామూలే కాబట్టి ఒక్క కేసుకే అన్ని గుడ్లు బజారుకి రాకుండా పోతాయి. 2025 మొదటి రెండు నెలల్లోనే 3 కోట్లకు పైగా గుడ్లు పెట్టే కోళ్లు పోయాయి. కొత్త పిల్లల్ని పెంచుదామంటే అవి గుడ్డు పెట్టడానికి నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. గుడ్డు దొరకలేదని జనం తినడం అంత తేలిగ్గా తగ్గించరు. సరుకు కొంచెం తగ్గితే ధర బాగా ఎగిరేది అందుకే.

ఇక్కడే మా అమ్మతో జరిగిన మాట చెప్పాలి. అమ్మ తణుకు దగ్గర ఉంటుంది. సరిగ్గా 2025 ఫిబ్రవరిలోనే తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్లకు ఇదే హెచ్5ఎన్1 అని తేలింది. అక్కడ జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. చికెన్ షాపుల ముందు మనిషి లేడు. ధర పడిపోయింది. ఉడికించి తింటే ఏం కాదని నమ్మించడానికి గుంటూరులో, హైదరాబాద్‌లో మేళాలు పెట్టి ఉచితంగా వండి పెట్టాల్సి వచ్చింది. (ఉచితం అనేసరికి భయం ఎటుపోయిందో, తోసుకుంటూ తిన్నారు.) "ఇక్కడ ఊరికే ఇస్తానన్నా తీసుకునే దిక్కు లేదే, మీరేంటే అన్ని డాలర్లు పోసి కొంటున్నారు?" అంది అమ్మ. జబ్బు ఒకటే. అక్కడ భయంతో తినేవాళ్లు తగ్గారు, ఇక్కడ పెట్టే కోళ్లు తగ్గాయి. ఇంకో సంగతి కూడా ఉంది. మా వైపు పల్లెల్లో గుడ్డు ధర దాపరికం కాదు. 1982లో మొదలైన నెక్, అంటే జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘం, రోజూ ఊరివారీగా ధర ప్రకటిస్తుంది. పేపర్లో వంద గుడ్ల ధర అచ్చవుతుంది. ఇంట్లో ఒక్క కోడి లేకపోయినా మా నాన్న దాన్ని క్రికెట్ స్కోరులా చదివేవాడు.

ఇక్కడ టోకు బేరాలకు ఎక్కువగా ఆధారం ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చే కోట్. కొనేవాళ్లకు అది కనిపించదు. దేశంలో అతిపెద్ద గుడ్ల కంపెనీ కాల్-మెయిన్ 2025 ఏప్రిల్‌లో లెక్కలు బయటపెట్టింది. మార్చి 1తో ముగిసిన మూడు నెలల్లో లాభం 50 కోట్ల డాలర్ల పైచిలుకు. అంతకు ముందు ఏడాది ఇదే కాలంలో వచ్చిన దానికి మూడు రెట్లు దాటింది. ధరల మీద న్యాయశాఖ విచారణ మొదలైందని, తమకూ నోటీసు వచ్చిందని ఆ కంపెనీయే చెప్పింది. కుమ్మక్కు జరిగిందో లేదో వాళ్లు తేలుస్తారు. తమ కోళ్లు బతికి ఉండి, బజారు ధర మూడింతలైతే ఏ కుట్రా లేకుండానే ఇంత లాభం రావొచ్చు, అది ఒప్పుకోవాలి. కానీ "అంతా ఫ్లూ వల్లే" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లతోనూ, "అంతా కంపెనీల మోసమే" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వ్యవసాయ శాఖ 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన వంద కోట్ల డాలర్ల పథకంలో సగం ఫారాల్లో జబ్బు చొరబడకుండా కట్టుదిట్టం చేయడానికే కేటాయించారు. మంచిదే. అయితే ఆ డబ్బు తీసుకున్న ఫారాలు గుడ్డు ధర ఎలా కడుతున్నాయో జనానికి చెప్పాలని అడిగితే కోడిగుడ్డుకి ఈకలు పీకినట్టు అవుతుందా? మనలో ఓటు హక్కు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. అడగొచ్చు.

టోకు ధర మాత్రం దిగింది. 2025 ఫిబ్రవరి చివర్లో డజను 8 డాలర్లు దాటినది మార్చి నెలాఖరుకి 3 డాలర్ల చుట్టుపక్కలకు వచ్చింది. జబ్బు కేసులు తగ్గాయి, టర్కీ, బ్రెజిల్ లాంటి చోట్ల నుంచి సరుకు వచ్చింది, జనమూ కొనడం కొంత తగ్గించారు. దుకాణం అర మీద ధర అప్పటికి అంత దిగలేదు. ఎక్కినంత వేగంగా ఏ ధరా దిగదని మనకు తెలియంది కాదు.

ఇక మన ఇళ్ల సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేను చూసిన "పొదుపు" చాలావరకు పొదుపు కాదు. ఒకాయన పెరట్లో కోళ్లు పెంచుతానని ఆరు పిల్లల్ని, చెక్క గూడుని తెప్పించాడు. దాణా, వైరు కంచె, రాత్రి వెచ్చదనానికి దీపం కలిపి అయిన ఖర్చుకి రెండేళ్లు గుడ్లు కొనుక్కోవచ్చు. పిల్లలు గుడ్డు పెట్టే వయసుకి రాకముందే కాలనీ సంఘం నుంచి నోటీసు వచ్చింది. ఇంకొకరింట్లో ఎనిమిది డజన్లు కొన్నారు, మూడు డజన్లు పారేశారు. అట్ట మీద అమ్మకపు గడువు దాటిందని పారేశారు, చెడిపోయి కాదు. అది నిజంగా బాధ.

అందుకే ఒక చిన్న సంగతి. వ్యవసాయ శాఖ గ్రేడ్ ముద్ర ఉన్న అట్టల మీద గడువుతో పాటు ఒక మూడంకెల సంఖ్య ఉంటుంది. అది ప్యాక్ చేసిన రోజు. జనవరి 1 అయితే 001, డిసెంబర్ 31 అయితే 365. ఈ ఏప్రిల్ 15 అయితే 105. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టుకుంటే గుడ్లు మూడు నుంచి అయిదు వారాలు బాగుంటాయి. మరీ ఎక్కువుంటే పగలగొట్టి, గిలక్కొట్టి, చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, ఏడాది దాకా పనికొస్తాయి. పెంకుతో మాత్రం పెట్టకండి, పగులుతుంది. మా ఇంట్లో పగిలింది.

పొదుపంటే మా అమ్మది. మేం చిన్నప్పుడు ఇంట్లో ఎనిమిదిమంది. గుడ్లు నాలుగు. ఉడికించి, పెంకు ఒలిచి, కుట్టుదారం రెండు చేతులతో బిగించి పట్టుకుని మధ్యకు కోసేది. కత్తి పెడితే పచ్చసొన కత్తికే అంటుకుపోతుందని. ఒక్కొక్కరికి సగం. ఎవరికి పచ్చసొన ఎక్కువొచ్చిందో చూసుకుని కొట్టుకునేవాళ్లం. అంతకన్నా తక్కువుంటే అట్టు వేసేది. రెండు గుడ్లు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చెంచాడు సెనగపిండి కలిపి దళసరిగా అట్టు పోసి, పలకలుగా కోసి, చింతపండు పులుసులో వేసేది. ఆ ముక్కలు పులుసు పీల్చుకుని ఉబ్బేవి. గిన్నె నిండుగా కనిపించేది. బీరకాయలో, దోసకాయలో, చింతచిగురులో రెండేసి గుడ్లు కొట్టి కలిపితే ఇంటిల్లిపాదికీ గుడ్డు తిన్నామన్న తృప్తి. వాటికి మనం పెట్టుకున్న పేర్లు చూడండి: బీరకాయ కోడిగుడ్డు, దోసకాయ కోడిగుడ్డు. కాయగూర ముందు, గుడ్డు వెనక. ఇక్కడికొచ్చాక మనం గుడ్డుని కూరకి యజమానిని చేశాం. మనిషికి మూడు గుడ్ల ఆమ్లెట్ అన్నది మన అలవాటు కాదు, ఇక్కడ అబ్బిందే.

పెద్ద గుడ్డులో ప్రోటీన్ 6 గ్రాములు. పెసరట్టు, సెనగల గుగ్గిళ్లు, ఉలవచారు తినే జాతికి ఆ ఆరు గ్రాములు వేరేచోట దొరక్కపోవు. పదిహేనేళ్ల మా అమ్మాయికి ఈ లెక్కంతా చెప్పి, వారానికి ఒక డజనులో ఇల్లు నడపాలి, నువ్వే ప్లాన్ చెయ్యి అన్నాను. పెసరట్టు మీద గుడ్డు కొట్టి తిప్పెయ్యడం దానంతట అదే కనిపెట్టాననుకుంది. తణుకులో బండ్ల మీద ఎప్పటి నుంచో వేస్తున్నారని చెప్పి దాని ఉత్సాహం మీద నీళ్లు చల్లలేదు. ధరలు పెరిగాయని పిల్లల దగ్గర దాచే తల్లిదండ్రులు మనలో ఎక్కువ. వాళ్లకి తెలియనివ్వండి. ఉద్యోగాలు పోతున్న రోజుల్లో రేపు పెద్ద సంగతి చెప్పాల్సి వస్తే, గుడ్ల సంగతితో మొదలుపెట్టడం మేలు.

కానీ పప్పు తినండి, ఉలవలు తినండి అన్న సలహా నాలుగు గోడల మధ్య మనకి మనం చెప్పుకోవాలి. డెంటన్ కుర్రాడికి చెప్పకూడదు. క్లాసు, ల్యాబు, లైబ్రరీ డ్యూటీ అయ్యాక రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి ఉలవలు నానబెట్టుకోమంటే ఎలా? గుడ్డు వాడికి అయిదు నిమిషాల్లో అయ్యే వంట. వంట రాని పిల్లాడు మొదట నేర్చుకునేదీ అదే. 2025 జనవరి నుంచి స్టేటస్ పోతుందన్న భయంతో బయటి చిల్లర పనులు మానుకున్న విద్యార్థులు చాలామంది. ఆ పనులు చట్టవిరుద్ధమే, మానడమే మంచిది, అందులో నాకు రెండో మాట లేదు. కాని ఆ డబ్బు ఆగిన నెలల్లోనే గుడ్డు ధర లేచింది. ఇంటి దగ్గర అప్పు వడ్డీ నడుస్తూనే ఉంది. అమ్మ వీడియో కాల్‌లో "ఏం తిన్నావురా?" అంటే "ఎగ్ కర్రీ" అంటాడు. అందులో ఎన్ని గుడ్లున్నాయో ఆవిడకు కనపడదు.

యూనివర్సిటీల్లో ఫుడ్ ప్యాంట్రీలు ఉన్నాయి. అక్కడ చదివే పిల్లల కోసమే పెట్టినవి అవి, వెళ్లడం తప్పు కాదు. మా వాడితో ఆ మాటంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు. సరే అని మరుసటి వారం మా గరాజ్ ఫ్రిజ్‌లోంచి మూడు డజన్లు పట్టుకెళ్లాను. గుమ్మంలోనే ఫోన్ తీసి "ఎంత పంపమంటావత్తా?" అన్నాడు. వద్దురా అంటే అట్ట అందుకోవడానికి చెయ్యి రాలేదు. అప్పటికి అర్థమైంది, నేను చేస్తున్నది వాడికి ఎలా కనిపిస్తోందో. ఏడాదిన్నర పాటు ఒక్క పూట భోజనానికి పిలవని అత్త, ఇవాళ మిగిలిపోయిన గుడ్లు పంచిపెట్టడానికి వచ్చింది. ఆ రోజు అట్ట అక్కడే బల్ల మీద పెట్టి, వచ్చే ఆదివారం నలుగురూ భోజనానికి రండి అని చెప్పి వచ్చేశాను. దానికి మాత్రం ఫోన్ తియ్యలేదు.

వచ్చారు. కడుపు నిండా తిన్నారు, గిన్నెలు కడిగి వెళ్లారు. ఇప్పుడు మా వీధిలో మరో రెండిళ్లవాళ్లు కూడా నెలకో ఆదివారం తీసుకుంటున్నారు. మన పెద్ద సంఘాల మహాసభలు జరుగుతుంటాయి. బాంక్వెట్ టేబుళ్లు, సినిమా తారలు, పట్టుచీరలు అన్నీ ఉంటాయి, నేనూ వెళ్తాను. ఆ సభల్లో విద్యార్థుల పేరుతో ఒక సదస్సు పెట్టి, వీసా లాయర్‌తో మాట్లాడించి పంపేస్తుంటారు. అదీ కావాలి. ఈసారి ఊరూరా ఉన్న శాఖలు క్యాంపస్‌కి దగ్గర్లో ఉన్న తెలుగు ఇళ్ల జాబితా ఒకటి తయారుచేసి, ఏ వారం ఏ ఇంట్లో భోజనమో పిల్లలకు ముందే తెలిసేలా చేస్తే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. గుడ్డు ధర రెండు డాలర్లకి దిగిపోయినా అది ఆపనక్కర్లేదు.

శనివారం పెడితే ఒకడు తినడు కాబట్టి మా వంతు ఆదివారమే. ఈ ఆదివారం వాళ్ల పక్క అపార్ట్‌మెంట్ పిల్లల్ని కూడా తీసుకొస్తామన్నారు, మొత్తం ఏడుగురు. బీరకాయలు తెచ్చి పెట్టాను. గుడ్లు ఒకటిన్నర డజను ఉన్నాయి, అట్టు పులుసుకి చాలు అనుకున్నాను. ఇప్పుడే మా వాడు ఫోన్ చేసి, "అత్తా, జిమ్‌వాడు కూడా వస్తున్నాడు, చూసుకో" అన్నాడు.